వీపీఎన్ 'కనెక్టెడ్' అంటోంది, అయినా మా ఇంటర్నెట్ కంపెనీ పేరు బయటపడుతోంది. ఎందుకు?

ప్రశ్న: తిరుపతిలో ఇంటి నుంచి పనిచేస్తున్నాను. విదేశీ వైద్యులు మాట్లాడి పంపిన ఆడియో విని రోగుల నివేదికలు టైపు చేయడం నా పని. వీపీఎన్ (మన సమాచారాన్ని గుప్తంగా మూసి వేరే చోటి సర్వర్ మీదుగా పంపే ఏర్పాటు) లేకుండా ఫైళ్ళు తెరవకూడదని మా సంస్థ నిబంధన. విండోస్ ల్యాప్‌టాప్‌లో డబ్బు కట్టి ఒక వీపీఎన్ పెట్టుకున్నాను. నెదర్లాండ్స్ అని చూపిస్తుంది. కానీ వీపీఎన్ దాటి ఏం బయటపడుతోందో చూపే ఒక లీకు పరీక్ష పేజీలో మా ఇంటి ఇంటర్నెట్ కంపెనీ పేరే వచ్చింది. ఇంకో పరీక్షలో అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి అడ్రసు, పక్కన ఇండియా అని వచ్చింది. ఒక వెబ్‌సైటు ఏకంగా తిరుపతి వాతావరణం చూపిస్తోంది. కరెంటు పోయినప్పుడు ఫోను హాట్‌స్పాట్‌కు మారి పని కొనసాగిస్తాను. ఈ వీపీఎన్ మానేసి వేరేది కొనాలా? పరీక్ష ఫలితాల చిత్రం జతచేశాను.

సమాధానం:

అమ్మా, ముందుగా ఆ చిత్రాన్ని తొలగించండి. అందులో పొడవాటి అడ్రసు మొదటి నుంచి చివరి దాకా చదవగలిగేలా ఉంది. దాని మొదటి సగం మీ ఇంటి కనెక్షన్‌కు గుర్తు. లీకు గురించి అడుగుతూ లీకైన వస్తువునే నలుగురి ముందు పెట్టకూడదు. అది తీసేశాక మిగతాది చదవండి.

కొత్త వీపీఎన్ ఇప్పుడే కొనవద్దు. మీరు చెప్పిన మూడు లక్షణాలకు మూడు వేరు వేరు కారణాలున్నాయి. మొదటి రెండూ నిజమైన లీకులే. వాతావరణం సంగతి వీపీఎన్ పరిధిలోకే రాదు. కానీ మీరు చివర్లో మామూలు విషయంలా రాసిన హాట్‌స్పాట్ మాట ఉంది చూశారా, నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే. దాని దగ్గరికి నెమ్మదిగా వస్తాను.

నేను 18 ఏళ్ళుగా తిరుపతి, రేణిగుంట, చిత్తూరు ప్రాంతాల్లో చిన్న కార్యాలయాలకు నెట్‌వర్కులు అమరుస్తున్నాను. లీకు అనగానే చాలామంది గొట్టానికి చిల్లు పడినట్టు ఊహించుకుంటారు. ఓపెన్‌వీపీఎన్, వైర్‌గార్డ్ లాంటి మంచి పద్ధతుల్లో లోపలికి వెళ్ళిన సమాచారం భద్రంగానే ఉంటుంది. తంటా అంతా లోపలికి వెళ్ళకుండా పక్కదారి పట్టిన సమాచారంతోనే. అలిపిరి దగ్గర మీరు చూసే ఉంటారు. కాలినడకన కొండెక్కే భక్తులు సామాను అక్కడ అప్పగించి మెట్ల దారి పడతారు. సామాను బండిలో ఘాట్ రోడ్డు మీదుగా పైకి చేరుతుంది. మనిషిది ఒక దారి, మూటది ఇంకో దారి. మీ ల్యాప్‌టాప్‌లో జరుగుతున్నది కూడా అదే. వెబ్ పేజీ వీపీఎన్ దారిలో వెళుతోంది, దానికి సంబంధించిన మూట ఒకటి మామూలు రోడ్డు మీద పోతోంది. ఆ మూట మీద మీ పేరు రాసి ఉంది.

కాబట్టి మన పని ఏ మూట ఏ దారిన పోతోందో కనిపెట్టడం. అందుకు మొదట కాగితం తీసుకోండి. వీపీఎన్ పూర్తిగా ఆపి, లీకు పరీక్ష పేజీ తెరిచి మూడు విషయాలు రాసుకోండి: మామూలు ఐపీ అడ్రసు (నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే అంకెలు), పొడవాటి ఐపీవీ6 అడ్రసు ఉంటే అది, సైటు పేర్లకు అడ్రసులు చెప్పే డీఎన్ఎస్ సర్వర్లు ఎవరివో ఆ పేర్లు. తర్వాత బ్రౌజర్ మూసి, వీపీఎన్ కలిపి, మళ్ళీ అదే పేజీ తెరవండి. మొదటి జాబితాలో ఉన్నది ఏ ఒక్కటి రెండో జాబితాలో కనిపించినా అది లీకు (గూగుల్, క్లౌడ్‌ఫ్లేర్ పేర్ల సంగతి కింద చెబుతాను). పరీక్ష పేజీ ఎర్రగా చూపించిందా, పచ్చగా చూపించిందా అన్నది పక్కన పెట్టండి, పోలికే ముఖ్యం. ఎందుకంటే ఊరి పేరును బట్టి నిర్ణయిస్తే పొరబడతారు. తిరుపతి కనెక్షన్‌ను ఈ పేజీలు తరచుగా చెన్నై అనో హైదరాబాదు అనో చూపిస్తాయి. చెన్నై అని ఉంది కాబట్టి నాది కాదనుకుని ఊరుకున్నవాళ్ళను చూశాను.

ఇక మొదటి లక్షణం, మీ ఇంటర్నెట్ కంపెనీ పేరు. ఇది డీఎన్ఎస్ లీకు. మీరు ఒక సైటు పేరు టైపు చేయగానే, ఆ పేరుకు తగిన అంకెల అడ్రసు ఏమిటని కంప్యూటర్ ఒక సర్వర్‌ను అడుగుతుంది. 1983లో రూపుదిద్దుకున్న ఈ ఏర్పాటులో ప్రశ్న తెరిచిన ఉత్తరంలా, 53వ పోర్టు అనే ద్వారం మీదుగా వెళుతుంది. దారిలో ఉన్నవాళ్ళు ఎవరైనా చదవవచ్చు. వీపీఎన్ ఉన్నప్పుడు ఈ ప్రశ్న కూడా లోపలి నుంచే వెళ్ళాలి. విండోస్‌లో అది తప్పిపోవడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. కంప్యూటర్‌కు వైఫై, వీపీఎన్ అని రెండు దారులున్నప్పుడు, ప్రశ్నను అన్ని దారుల్లోనూ ఒకేసారి పంపి, ముందుగా వచ్చిన జవాబు తీసుకునే పద్ధతి విండోస్ 8తో మొదలై విండోస్ 10లో ముదిరింది. వేగం కోసం పెట్టిన సదుపాయమే, దురుద్దేశం ఏమీ లేదు. కానీ నెదర్లాండ్స్ దాకా వెళ్ళివచ్చే జవాబు కన్నా మీ వీధి చివరి కంపెనీ జవాబు ముందు వస్తుంది కదా. జవాబు ఎవరిది తీసుకున్నా, ప్రశ్న మాత్రం ఇద్దరికీ చేరిపోయింది.

దీన్ని నేను చిన్న విషయంగా ఎందుకు తీసుకోనో చెబుతాను. కొన్నేళ్ళ కిందట చిత్తూరులో ఒక కార్యాలయానికి వీపీఎన్ అమర్చాను. అన్ని కంప్యూటర్లలోనూ పచ్చ గుర్తు వెలిగింది. నెల తర్వాత వేరే పని మీద వెళ్ళి, రౌటర్‌లో నమోదైన చిట్టా తెరిచాను. ఖాళీగా ఉండాల్సిన చోట వందల ప్రశ్నలున్నాయి. ఒకే కంప్యూటర్ నుంచి, రోజూ మధ్యాహ్న భోజన సమయంలో, క్యాన్సర్ చికిత్స ఆసుపత్రుల పేర్లు, ఒక మందు పేరు, ఆర్థిక సాయం చేసే ట్రస్టుల పేర్లు. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో నాకు తెలుసు. ఆయన ఎవరికీ చెప్పుకోని దుఃఖం నాకు తెలిసిపోయింది. ఒక్క పేజీ కూడా నేను చదవలేదు, పేర్లే సరిపోయాయి. చిట్టా తుడిచేసి, ఆ సాయంత్రమే ప్రతి కంప్యూటర్‌నూ సరిచేసి ఇంటికి వెళ్ళాను. పచ్చ గుర్తు వెలిగాక కూడా నా కళ్ళతో చూడకుండా ఏ ఇంటి నుంచీ, ఏ కార్యాలయం నుంచీ అప్పటి నుంచి బయటికి రాలేదు.

మీ ల్యాప్‌టాప్‌లో సవరణ ఇలా. ముందు వీపీఎన్ యాప్ సెట్టింగులలో డీఎన్ఎస్ లీకు రక్షణ అనే మీట కోసం వెతకండి. చాలా యాప్‌లలో ఉంటుంది, కొన్నిసార్లు ఆపేసి ఉంటుంది. యాప్ కాకుండా ఓపెన్‌వీపీఎన్ ఫైలు వాడుతుంటే, ఆ ఫైలులో 'బ్లాక్-అవుట్‌సైడ్-డీఎన్ఎస్' అనే వరుసను ఆంగ్లంలో చేర్చండి. వీపీఎన్ ఉన్నంతసేపూ మిగతా దారుల్లో 53వ పోర్టును అది మూసేస్తుంది. విండోస్ ప్రో అయితే గ్రూప్ పాలసీ అనే సెట్టింగుల తెరలో అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్లు, నెట్‌వర్క్, డీఎన్ఎస్ క్లయింట్ కిందికి వెళ్ళి, 'టర్న్ ఆఫ్ స్మార్ట్ మల్టీ-హోమ్డ్ నేమ్ రిజల్యూషన్' అన్నదాన్ని 'ఎనేబుల్డ్' చేయండి. పేరులోనే ఆపడం ఉంది కాబట్టి ఎనేబుల్ చేస్తేనే ఆగుతుంది. ఇక్కడ తికమకపడి ఉల్టాగా పెట్టేవాళ్ళు ఎక్కువ. విండోస్ హోమ్‌లో ఆ తెర ఉండదు, అప్పుడు యాప్‌లోని రక్షణ మీదే ఆధారపడాలి. తర్వాత ల్యాప్‌టాప్ ఒకసారి రీస్టార్ట్ చేసి, రెండు జాబితాల పరీక్ష మళ్ళీ చేయండి.

ఫలితంలో మీ కంపెనీ పేరు పోయి గూగుల్ అనో క్లౌడ్‌ఫ్లేర్ అనో వస్తే కంగారు పడవద్దు. ఇప్పటి బ్రౌజర్లలో 'సెక్యూర్ డీఎన్ఎస్' అనే ఏర్పాటు ఉంది. అది ప్రశ్నను గుప్తంగా మూసి ఆ పెద్ద సంస్థలకు పంపుతుంది. వీపీఎన్ లోపలి నుంచి వెళుతోంది కాబట్టి మీ ఇంటర్నెట్ కంపెనీకి ఏమీ కనిపించదు. కాకపోతే మీ ప్రశ్నలు చదివే ఇంకో సంస్థను మీరే తెచ్చుకున్నట్టు అవుతుంది. నేనైతే వీపీఎన్ వాడే బ్రౌజర్‌లో దాన్ని ఆపేసి, వీపీఎన్ వాళ్ళ సర్వర్‌నే వాడతాను. ఎలాగూ ఒకరిని నమ్మక తప్పనప్పుడు ఇద్దరిని నమ్మడం ఎందుకు?

రెండో లక్షణం, ఆ పొడవాటి అడ్రసు. ఇది ఐపీవీ6, అంటే కొత్త తరహా ఐపీ అడ్రసు. పాత తరహాది ఐపీవీ4. విదేశీయులు రాసిన సలహాల్లో దీన్ని చివర్లో ఒక వాక్యంతో దాటేస్తారు. మన దగ్గర ఇది ముందు వరుసలో ఉండాలి. 2016లో జియో రావడంతో మన దేశంలో ఐపీవీ6 వాడకం ఒక్కసారిగా పెరిగింది. ఇప్పుడు ప్రపంచంలోనే దీన్ని ఎక్కువగా వాడే దేశాల్లో మనది ఒకటి. మీ ఫోనులో దాదాపు తప్పకుండా ఉంటుంది, ఇంటి ఫైబర్ కనెక్షన్‌లోనూ ఉండవచ్చు. పాత తరహా వీపీఎన్‌లు 32 బిట్ల ఐపీవీ4 సమాచారాన్నే లోపలికి తీసుకుంటాయి, 128 బిట్ల ఐపీవీ6ను పట్టించుకోవు. అటు కంప్యూటరేమో రెండూ అందుబాటులో ఉన్నప్పుడు ఐపీవీ6కే మొగ్గు చూపుతుంది. ఫలితంగా గూగుల్, యూట్యూబ్ లాంటి ఐపీవీ6 ఉన్న సైట్లన్నింటికీ మీరు వీపీఎన్ లేనట్టే నేరుగా వెళుతున్నారు. డీఎన్ఎస్ లీకులో ప్రశ్న మాత్రమే బయటికి పోతుంది. ఇక్కడ మొత్తం ప్రయాణమే బయట జరుగుతుంది. రెండింటిలో ఇది పెద్దది.

కొందరు ఆ అడ్రసు రోజూ మారుతుంది కదా అంటారు. మారేది చివరి సగమే. మొదటి 64 బిట్లలో మీ కనెక్షన్ గుర్తు ఉంటుంది, ఇంటి కనెక్షన్‌లో అది సాధారణంగా అంత తరచుగా మారదు.

దీనికి సరైన పరిష్కారం ఐపీవీ6ను కూడా లోపలి నుంచే తీసుకువెళ్ళే వీపీఎన్. లేదా కనీసం దాన్ని అడ్డుకునే వీపీఎన్. మీ యాప్‌లో ఐపీవీ6 అనే మాట ఎక్కడ ఉందో చూడండి. వైర్‌గార్డ్ ఫైలు వాడుతుంటే 'అలౌడ్ ఐపీస్' అనే వరుస చూడండి. అక్కడ నాలుగు సున్నాలు, గీత, మళ్ళీ సున్నా మాత్రమే ఉంటే అది సగం తాళమే. కామా తర్వాత రెండు జంట చుక్కలు, గీత, సున్నా, అంటే ::/0 కూడా ఉండాలి. యాప్ ఏ రకంగానూ సహకరించకపోతే, నెట్‌వర్క్ కనెక్షన్ల తెరలో వైఫై ప్రాపర్టీస్ తెరిచి, ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 6 ఎదురుగా ఉన్న టిక్కు తీసేయవచ్చు. ఐపీవీ6ను విండోస్‌లో పూర్తిగా ఆపవద్దని మైక్రోసాఫ్ట్ సలహా ఇస్తుంది, కాబట్టి దీన్ని తాత్కాలికంగానే చూడండి. ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఆ టిక్కు ఆ ఒక్క వైఫైకే. రేపు ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి నెట్ వాడితే, విండోస్ దాన్ని కొత్త అడాప్టర్‌గా, అంటే వేరే నెట్‌వర్క్ దారిగా తీసుకుంటుంది. అక్కడ టిక్కు మళ్ళీ ఉంటుంది. అడాప్టర్ అడాప్టర్‌కూ తీయాలి.

బ్రౌజర్‌లో వీడియో కాల్స్ కోసం ఉండే వెబ్‌ఆర్‌టీసీ గురించి మీరు అడగలేదు, కానీ ఆ పరీక్ష కూడా చేయండి. ఇద్దరి మధ్య నేరుగా మాట కలపడానికి బ్రౌజర్ తన అసలు అడ్రసు ఏమిటో బయటి సర్వర్‌ను అడిగి తెలుసుకుంటుంది. మామూలు వెబ్ పేజీ కూడా ఈ పద్ధతిని వాడుకుని అడ్రసు లాగగలదని 2015లో బయటపడింది. కంప్యూటర్ మొత్తానికీ పనిచేసే వీపీఎన్ ఉండి, ఐపీవీ6 సరిచేసుకుంటే ఇది చాలావరకు సద్దుమణుగుతుంది. అయితే మీరు వాడేది బ్రౌజర్‌కు తగిలించే వీపీఎన్ ఎక్స్‌టెన్షన్ అయితే, ఈ లీకు బలంగా ఉంటుంది. అసలు ఎక్స్‌టెన్షన్ అయితే మీ పనికి పనికిరాదు. ఆడియో ఫైళ్ళు దించుకునే సాఫ్ట్‌వేర్ బ్రౌజర్ బయట ఉంటుంది, దాని సమాచారం ఒక్క ముక్క కూడా ఎక్స్‌టెన్షన్ గుండా వెళ్ళదు. మీరు ఏది వాడుతున్నారో రాయలేదు, ముందు అది చూసుకోండి.

తిరుపతి వాతావరణం గురించి. ఇందులో వీపీఎన్ తప్పు లేదు. మీరు ఎప్పుడో ఆ సైటుకు స్థానం తెలుసుకునే అనుమతి ఇచ్చి ఉంటారు. చుట్టుపక్కల ఇళ్ళ వైఫై గుర్తులను బట్టి బ్రౌజర్ వీధి వరకూ లెక్కగట్టగలదు, దానికి ఐపీ అడ్రసుతో పనే లేదు. లేదా లాగిన్ అయిన ఖాతాలో మీ ఊరు ముందే నమోదై ఉంటుంది. బ్రౌజర్ సెట్టింగులలో ఆ అనుమతి తీసేసి, పని కోసం వేరే ప్రొఫైల్ పెట్టుకోండి. సొంత మెయిలు, సొంత షాపింగ్ ఆ ప్రొఫైల్‌లోకి రానివ్వకండి. మీ గడియారం మన కాలమానం చెబుతుంది, మీరు తెలుగు చదువుతారని బ్రౌజర్ చెబుతుంది. మీరు తిరుపతిలో ఉన్నారని మీ సంస్థకు తెలుసు కాబట్టి వీటిని దాచే పని పెట్టుకోవద్దు.

ఇప్పుడు హాట్‌స్పాట్. నిలకడగా ఉన్న కనెక్షన్‌లో పరీక్ష చేసి అంతా బాగుందనుకోవడం మామూలు పొరపాటు. లీకులు ఎక్కువగా మార్పు జరిగే క్షణాల్లోనే పుడతాయి. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయింది అనుకోండి. రౌటర్ ఆరిపోయింది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. మీరు ఫోను హాట్‌స్పాట్ కలిపారు. వీపీఎన్ తెగిపోయి, మళ్ళీ కలవడానికి అయిదు సెకన్లో పది సెకన్లో పడుతుంది. ఆ లోపల మెయిలు, ఫైళ్ళ సమకాలీకరణ, మీ ఆడియో సాఫ్ట్‌వేర్ అన్నీ దొరికిన దారిన నేరుగా వెళ్ళిపోతాయి. తెర మీద మీకు తేడా ఏమీ తెలియదు.

ఇంకో అపోహ కూడా ఉంది. ఫోనులో వీపీఎన్ పెట్టాను కాబట్టి దాని హాట్‌స్పాట్ వాడే ల్యాప్‌టాప్‌కూ రక్షణ ఉందని చాలామంది అనుకుంటారు. మామూలు ఆండ్రాయిడ్ ఫోనులో అలా ఉండదు. ఫోను యాప్‌లు మాత్రమే వీపీఎన్ గుండా వెళతాయి, హాట్‌స్పాట్ ద్వారా వచ్చిన ల్యాప్‌టాప్ సమాచారం నేరుగా మొబైల్ నెట్‌వర్క్‌కు పోతుంది. పైగా ఆ మొబైల్ నెట్‌వర్క్‌లో ఐపీవీ6 పుష్కలం. ల్యాప్‌టాప్‌కు వీపీఎన్ ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి.

దీనికి మందు కిల్ స్విచ్. వీపీఎన్ తెగితే మొత్తం ఇంటర్నెట్‌ను ఆపేసే మీట అది. కానీ కిల్ స్విచ్ అని పేరు పెట్టినవన్నీ ఒకటి కావు. కొన్ని యాప్‌లు తెగినట్టు గమనించాక ఆపుతాయి, గమనించే లోపల కొంత బయటికి పోతుంది. మంచివి ముందుగానే ఫైర్‌వాల్‌లో గోడ కట్టి, వీపీఎన్ దారి తప్ప వేరే దారే లేకుండా చేస్తాయి. యాప్ కూలిపోయినా గోడ నిలబడే ఉంటుంది. మీది ఏ రకమో పరీక్షిస్తేనే తెలుస్తుంది. ఇలా చేయండి. వీపీఎన్ కలిపి ఉండగా కమాండ్ ప్రాంప్ట్‌లో గూగుల్ సర్వర్ అడ్రసు 8.8.8.8కు ఆగకుండా పింగ్ (జవాబు కోరే చిన్న పలకరింపు) పంపండి. ఆదేశం చివర మైనస్, టీ అక్షరం చేర్చితే ఆగకుండా వెళుతుంది. ప్రతి జవాబు పక్కనా అది ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో కనిపిస్తుంది. నెదర్లాండ్స్ చుట్టి వస్తోంది కాబట్టి అది 100 దాటి ఉంటుంది. ఇప్పుడు రౌటర్ స్విచ్ ఆపి హాట్‌స్పాట్‌కు మారండి. కాసేపు జవాబులు ఆగిపోయి, వీపీఎన్ కలిశాక మళ్ళీ 100 పైన మొదలైతే మీ గోడ గట్టిదే. మధ్యలో 20 అనో 40 అనో ఒక్క జవాబు వచ్చినా, ఆ జవాబు నెదర్లాండ్స్ వెళ్ళి రాలేదు. అంత దూరం అంత తొందరగా వెళ్ళి రావడం కాంతికి కూడా సాధ్యం కాదు. అంటే నేరుగా పోయింది.

ఇదే పింగ్ నడుస్తుండగా మూత మూసి తెరవండి. టాస్క్ మేనేజర్‌లో వీపీఎన్ యాప్‌ను బలవంతంగా ముగించండి. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసి, వీపీఎన్ యాప్ లేవకముందే పింగ్‌కు జవాబు వస్తోందేమో చూడండి. చాలా యాప్‌లు ఈ చివరి పరీక్షలో తప్పుతాయి. కిల్ స్విచ్‌ను ఎప్పుడూ ఉండేలా పెట్టే రెండో మీట ఉంటే దాన్ని కూడా నొక్కండి. ఈ పరీక్షల్లో తప్పితేనే, అదీ సెట్టింగులు సరిచేశాక కూడా తప్పితేనే, వీపీఎన్ మార్చే ఆలోచన చేయండి.

ఫోనులో కూడా పని మెయిలు చూస్తారనుకుంటాను. ఆండ్రాయిడ్‌లో వీపీఎన్ పేరు పక్కన ఉన్న చక్రం గుర్తు నొక్కితే 'ఆల్వేస్-ఆన్ వీపీఎన్', దాని కింద 'వీపీఎన్ లేకుండా కనెక్షన్లు నిరోధించు' అని రెండు మీటలుంటాయి. రెండూ వేయండి. అప్పుడు కూడా నెట్ పనిచేస్తోందో లేదో చూసుకునే చిన్న పలకరింపు ఒకటి ఫోను వీపీఎన్ బయటి నుంచే పంపుతుందని 2022లో ముల్వాడ్ అనే వీపీఎన్ సంస్థ బయటపెట్టింది. అందులో మీ పని సమాచారం ఉండదు, మీ అవసరానికి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

వెబ్‌సైటు పరీక్షలతో నాకు తృప్తి ఉండదు. అవి బ్రౌజర్ సంగతే చెబుతాయి. ఓపిక ఉంటే వైర్‌షార్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి ఒక గంట కూర్చోండి. ఇది మీ ల్యాప్‌టాప్ నుంచి బయటికి వెళ్ళే ప్రతి ప్యాకెట్‌నూ చూపిస్తుంది. అలిపిరి తనిఖీ కేంద్రంలో ప్రతి బండినీ ఆపి చూసినట్టు. వీపీఎన్ అడాప్టర్‌ను కాకుండా వైఫై అడాప్టర్‌ను ఎంచుకోండి, అక్కడే పొరపాటు పడతారు. వీపీఎన్ బాగా పనిచేస్తుంటే వైఫైలో ఒకే ఒక్క బయటి అడ్రసు కనిపించాలి, వీపీఎన్ సర్వర్‌ది. 192.168తో మొదలయ్యేవి మీ ఇంటి లోపలి మాటలు, వాటిని వదిలేయండి. పై పెట్టెలో ఆంగ్లంలో డీఎన్ఎస్ అని చిన్న అక్షరాలతో కొడితే తెర ఖాళీ అవ్వాలి. వీపీఎన్ కలిసే ముందు దాని సర్వర్ పేరు కోసం ఒక ప్రశ్న వెళ్ళడం మామూలే, అది లీకు కాదు. ఆ తర్వాత ఇంకేదైనా బయటి అడ్రసు కనిపిస్తే అది ఏ సాఫ్ట్‌వేర్‌ది అని వెతకాలి. నాకు తగిలిన సందర్భాల్లో ఎక్కువసార్లు దోషి స్ప్లిట్ టన్నెలింగ్ జాబితా, అంటే వీపీఎన్ బయటి నుంచే వెళ్ళనివ్వమని మనమే ఎంచుకున్న యాప్‌ల జాబితా. బ్యాంకు సైటు విదేశీ అడ్రసును ఒప్పుకోలేదని ఒకనాడు బ్రౌజర్‌నే జాబితాలో పెట్టి బయటికి వదులుతారు. పని అయ్యాక దాన్ని తీయడం మరచిపోతారు. మీ జాబితా ఇప్పుడే తెరిచి చూడండి.

రైల్వే స్టేషన్ వైఫై, లాడ్జి వైఫైల మీద రోగుల ఫైళ్ళు తెరవవద్దని నా గట్టి మాట. 2024 మేలో లెవయథన్ సెక్యూరిటీ పరిశోధకులు టన్నెల్‌విజన్ అనే దాడిని బయటపెట్టారు. మనం ఏదైనా వైఫైలో చేరగానే మనకు అడ్రసు ఇచ్చే డీహెచ్‌సీపీ అనే వ్యవస్థ, దారులు కూడా చెప్పగలదు. 121వ ఐచ్ఛికం అంటారు దాన్ని. ఆ వైఫైని చేతిలో పెట్టుకున్నవాడు దాని ద్వారా మీ సమాచారాన్ని వీపీఎన్ పక్కనుంచి తన వైపుకు మళ్ళించగలడు. వీపీఎన్ తెగదు కాబట్టి పచ్చ గుర్తు వెలుగుతూనే ఉంటుంది. తెగినప్పుడే మేలుకునే కిల్ స్విచ్ నిద్రపోతూనే ఉంటుంది. ఫైర్‌వాల్ గోడ రకం మాత్రం దీన్ని కూడా ఆపుతుంది. ఆండ్రాయిడ్‌లో ఆ 121వ ఐచ్ఛికమే లేదు కాబట్టి దానికి ఈ దాడి తగలదు. బయట ఉన్నప్పుడు మీ ఫోను హాట్‌స్పాట్, ల్యాప్‌టాప్‌లో వీపీఎన్, ఇదే సురక్షితమైన జోడీ.

లీకులన్నీ మూసినా, మీ సమాచారం మొత్తం వీపీఎన్ కంపెనీ చేతుల మీదుగానే వెళుతుంది. అందుకే డబ్బు కట్టానని మీరు రాసినప్పుడు కొంత ఊపిరి పీల్చుకున్నాను. 2016లో పరిశోధకులు 283 ఆండ్రాయిడ్ వీపీఎన్ యాప్‌లను పరీక్షించారు. వాటిలో 84 శాతం ఐపీవీ6ను లోపలికి తీసుకోలేదు, 66 శాతం డీఎన్ఎస్ ప్రశ్నలను బయటికి వదిలాయి, 18 శాతం అసలు ఎన్‌క్రిప్షనే, అంటే సమాచారాన్ని గుప్తంగా మూయడమే చేయలేదు. అప్పటికీ ఇప్పటికీ మెరుగుపడ్డవి ఉన్నాయి, అయినా ఉచిత యాప్‌ను పని ఫైళ్ళ దగ్గరికి రానివ్వకండి. మన దేశంలో వీపీఎన్ వాడటం నేరం కాదు. కాకపోతే 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ప్రజలకు వీపీఎన్ సేవలిచ్చే కంపెనీలు వినియోగదారుల పేర్లు, వాళ్ళకిచ్చిన ఐపీ అడ్రసులు వగైరా 5 ఏళ్ళు భద్రపరచాలి. అందుకు ఇష్టపడక ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్ మన దేశంలోని సర్వర్లను ఎత్తేశాయి.

చివరిగా మీకు తప్పక చెప్పాల్సింది ఒకటి ఉంది. ఇన్నాళ్ళూ రోగుల నివేదికలు వీధిలో పడ్డాయని భయపడవద్దు. మీ సంస్థ సైటు చిరునామా తాళం గుర్తుతో తెరుచుకుంటుంటే, ఫైళ్ళ లోపలి విషయం విడిగా ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్ళింది. బయటపడింది మీరు ఏ సైటుకు వెళ్ళారు, ఎక్కడి నుంచి వెళ్ళారు అన్నవి. కానీ మీ సంస్థ నిబంధనలో వీపీఎన్ అంటే వాళ్ళ ఉద్దేశం ఏమిటో అడిగారా? సంస్థలు సాధారణంగా కోరేది తమ సొంత వీపీఎన్, అంటే మీ ల్యాప్‌టాప్ నుంచి వాళ్ళ సర్వర్ దాకా మూసిన దారి. మీరు కొన్నది నెదర్లాండ్స్ దాకానే మూస్తుంది, అక్కడి నుంచి వాళ్ళ సర్వర్‌కు మామూలు ఇంటర్నెట్టే. రెండూ ఒకటి కాదు. రేపే వాళ్ళ సాంకేతిక విభాగానికి మెయిలు రాయండి. కనిపించిన లీకుల సంగతి కూడా దాచకుండా చెప్పండి. వాళ్ళు తమ వీపీఎన్ ఇస్తే దానిమీద కూడా ఇవే పరీక్షలు చేయాలి.

ఈలోపు చేయాల్సిన వరుస: స్ప్లిట్ టన్నెలింగ్ జాబితా, ఐపీవీ6, డీఎన్ఎస్, ఆ తర్వాత రౌటర్ ఆపి పింగ్ పరీక్ష. రెండు జాబితాలూ, పింగ్‌లో మారిన మిల్లీసెకన్లూ రాసి పంపండి, మిగిలింది చూద్దాం. పొడవాటి అడ్రసులో మొదటి నాలుగు అక్షరాలు ఉంచి మిగతాదంతా చెరిపేసి పంపండి.